గుడారంలో నిప్పు

నిప్పు లేకపోతే మనిషికి జరగదు. అది దగ్గరగా ఉంటే భయం, దూరంగా ఉంటే చలి. ఇంట్లో ఉండేవాళ్ళకు ఈ చిక్కు అంతగా తెలియదు. వంట ఒక చోట, పడక ఒక చోట జరుగుతాయి. కాని ఇంటిని భుజాన వేసుకుని తిరిగేవాడి సంగతి ఏమిటి? వాడికి వంటిల్లూ, పడకటిల్లూ, వసారా కూడా ఒక్క గుడారమే. బయట వాన కురుస్తూ, చలిగాలి కొడుతూ ఉంటే నిప్పును లోపలికి తెచ్చుకోవాలని ఎవరికైనా అనిపిస్తుంది. అయితే ఆ నిప్పు కూడా మనలాగే గాలి పీలుస్తుంది. అది పీల్చి వదిలిన గాలిని ఆ గుడారంలో ఉన్నవాళ్ళు పీల్చవలసి వస్తుంది.

ఈ చిక్కును విప్పటానికి మనుషులు చాలా కాలంగా తంటాలు పడుతున్నారు. ఇప్పుడు కొండలూ అడవులూ తిరిగేవాళ్ళకోసం వీపున మోసుకుపోయే కట్టెల పొయ్యిలు వచ్చాయి. పొయ్యి అంటే ఒక పలచటి రేకు పెట్టె. విప్పితే అట్టలాగా పరుచుకుంటుంది. పొగగొట్టం కూడా రేకే. దాన్ని చాపలాగా చుట్టి సంచిలో పెట్టుకోవచ్చు. అన్నీ కలిపి కిలో, కిలోన్నర తూగుతాయి. గుడారం కప్పులో నిప్పంటని బట్టతో ఒక కంత కుట్టి ఉంటుంది. గొట్టం ఆ కంతలోనుంచి బయటికి పోతుంది.

మా మనవరాలు ఈ పొయ్యి బొమ్మ చూసి, "తాతా, చలిదేశాల్లో సరే, మన వైపు ఇలాంటిది ఎవరికి కావాలి?" అని అడిగింది. గుడారాలు అంటే మంచుకొండలే అనుకున్నది ఆ పిల్ల. మన రాయలసీమలో, నందికొట్కూరు చుట్టుపక్కల, ఏటా నెలల తరబడి గుడారాల్లో బతికే మనుషులు ఉన్నారని దానికి తెలియదు. వాళ్ళు గొర్రెల కాపరులు. గుడారంలో నిప్పును గురించి నేను మొట్టమొదట తెలుసుకున్నది పుస్తకంలో కాదు, వాళ్ళ దగ్గరే.

నందికొట్కూరు ఇప్పుడు నంద్యాల జిల్లాలో ఉన్నది. 2022లో ఆ జిల్లా ఏర్పడకముందు కర్నూలు జిల్లాలో ఉండేది. తూర్పుగా పోతే నల్లమల కొండలు వస్తాయి. ఊళ్ళ పక్కగా కర్నూలు–కడప కాలవ పారుతుంది. ఒక వైపు రోళ్ళపాడు గడ్డిబీళ్ళు ఉన్నాయి. బట్టమేక పిట్టనూ, కృష్ణజింకలనూ కాపాడటానికి 1988లో ఆ బీళ్ళను అభయారణ్యం చేశారు. గడ్డి ఉన్న చోట గొర్రె ఉంటుంది గదా! చేలలో పంటలు తీసిన తరవాత కాపరులు మందలను తోలుకుని ఊరినుంచి ఊరికి పోతారు. రైతు తన చేలో మందను నాలుగు రాత్రులు ఆపించుకుంటాడు. గొర్రెల పెంటికలు చేనుకు ఎరువు. అందుకు ప్రతిఫలంగా కాపరులకు గింజలూ, తిండీ ఇచ్చేవాళ్ళు.

నా చిన్నతనంలో, అంటే 1960లలో, మా చేలోకి ఏటా ఒకే మంద వచ్చేది. దాని పెద్ద కాపరిని మేమంతా మందతాత అని పిలిచేవాళ్ళం. నల్లటి గొంగడి, చేతిలో కొడవలి కట్టిన పొడుగాటి కర్ర, నడుముకు చెకుముకి సంచి. ఆయనతోబాటు ఆయన మనవడు వచ్చేవాడు. వాడికి నా ఈడే, పదకొండు పన్నెండేళ్ళు ఉంటాయి. అందరూ వాణ్ణి సిన్నోడు అనేవాళ్ళు. మా అమ్మ కొర్రసంగటీ, ఊరిబిండీ గంపలో పెట్టి ఇస్తే నేను చేనికి తీసుకుపోయేవాణ్ణి.

వాళ్ళ గుడారం చూస్తే మీకు నవ్వు వస్తుంది. నాలుగు వెదురు బద్దలు వంచి భూమిలో గుచ్చి, వాటిమీద గోనెపట్టలు కుట్టి కప్పేవాళ్ళు. అందులో మనిషి కూచోవచ్చు గాని నిలబడటానికి లేదు. అది మనుషులకోసం కూడా కాదు. మనుషులు ఆరుబయట గొంగడి కప్పుకుని పడుకునేవాళ్ళు. ఆ గూడు అప్పుడే పుట్టిన గొర్రెపిల్లలకోసం. వానలో తడిస్తే పసిపిల్లలు చలికి బిర్రబిగుసుకుపోతాయి. ఒక్కొక్క పిల్లా కాపరికి ఒక్కొక్క రూపాయి మూట.

ఒక నవంబరు నెలలో బంగాళాఖాతంలో వాయుగుండం పట్టి, మా వైపు మూడు రోజులు ముసురు పెట్టింది. బుడ్డలు పెరికిన ఎర్రచేలో మంద దిగి ఉన్నది. మొదటి రోజు సాయంత్రమే రెండు గొర్రెలు ఈనాయి. నేను సంగటి తీసుకుపోయేసరికి వాన జోరయింది. మా నాయన నన్ను వెనక్కి పంపకుండా తనతోబాటు చేని కొట్టంలోనే ఉంచుకున్నాడు. మందతాత ఒక లాంతరు పట్టుకుని జాముకొకసారి మంద చుట్టూ తిరిగివస్తున్నాడు. సిన్నోడు గూట్లో పిల్లలకు కాపలా ఉన్నాడు.

పిల్లలు వణుకుతూ ఉంటే వాడు చూడలేకపోయాడు. పొయ్యిలో మిగిలిన తుమ్మబొగ్గులు ఒక పగిలిన కుండ అడుగులో ఎత్తుకుని, వానలో ఆరిపోకుండా గొంగడి అడ్డం పెట్టి, గూట్లోకి తీసుకుపోయాడు. వేడి బయటికి పోకుండా తలుపు పట్టను కిందికి లాగి, అంచుమీద రాళ్ళు పెట్టాడు. ఏ పొగా లేదు, ఏ వాసనా లేదు. బొగ్గులు ఎర్రగా, చూడటానికి ముచ్చటగా ఉన్నాయి. పిల్లలు వణకటం మాని పడుకున్నాయి. సిన్నోడు కూడా వాటి పక్కన ఒరిగాడు.

అర్ధరాత్రి దాటి ఉంటుంది. మందతాత కేక విని నేనూ, మా నాయనా లేచాం.

"పిల్లలు అరుస్తా లేవే! సిన్నోడా! ఓరి సిన్నోడా!"

తల్లి దగ్గర లేని పసిపిల్ల ఊరికే ఉండదు. అరుస్తూనే ఉంటుంది. అరుపు ఆగిందంటే ఏదో జరిగిందన్నమాట. ముసలాయన గూడు చుట్టూ తిరిగి తలుపు వెతకలేదు. చేతి కొడవలితో గోనెపట్టను పైనుంచి కిందికి చీల్చేశాడు. మా నాయన సిన్నోణ్ణి భుజాన వేసుకుని కొట్టంలోకి తెచ్చాడు. వాడి కాళ్ళూ చేతులూ గుడ్డపీలికల్లాగా వేలాడుతున్నాయి. పిలిస్తే పలకలేదు. ఊపిరి మాత్రం ఆడుతున్నది.

"గాలి తగలనీండప్పా, చుట్టూ మూగద్దండి!" అని అరుస్తూ ముసలాయన వాడి చొక్కా గుండీలు ఊడదీశాడు. ఎంతసేపటికో వాడు మూలిగాడు. తరవాత వాంతి చేసుకున్నాడు. "తల పగిలిపోతాంది, తాతా" అన్నాడు. ఆ మాట విన్న తరవాతనే ముసలాయన నేలమీద కూలబడ్డాడు. రెండు గొర్రెపిల్లల్లో ఒకటి మెల్లిగా తల ఎత్తింది. రెండోది ఎత్తలేదు.

తెల్లవారగానే బండి కట్టి వాణ్ణి ఊళ్ళోకి డాక్టరు దగ్గరికి తీసుకుపోయాం. ఆయన వివరమంతా విని, "బొగ్గుగాలి పట్టింది. ఇంకొంచెం ఆలస్యం చేసి ఉంటే నా దగ్గరికి తేవలసిన పని ఉండేది కాదు," అన్నాడు. సిన్నోడు రెండు రోజులు తల పట్టుకుని పడుకున్నాడు. మూడో రోజు లేచి సంగటి అడిగాడు.

పొగ లేదు, మంట లేదు. మరి వాణ్ణి పడగొట్టినది ఏమిటి? ఇది నాకు ఎన్నో ఏళ్ళు అంతు చిక్కలేదు. బడిపంతులు ఉద్యోగంలో చేరి, సైన్సు పాఠాలు చెప్పవలసి వచ్చినప్పుడు మాత్రమే అర్థమయింది.

బొగ్గు అంటే చాలావరకు కార్బన్. గాలి సమృద్ధిగా తగిలితే అది ప్రాణవాయువుతో కలిసి కార్బన్ డయాక్సైడ్ అవుతుంది. దీన్నే పూర్వం మన పుస్తకాలలో బొగ్గుపులుసు వాయువు అనేవాళ్ళు. కుంపటిలో అడుగున ఉన్న బొగ్గులకు గాలి తగిలి ఈ వాయువే పుడుతుంది. కాని అది పైకి వచ్చేటప్పుడు ఇంకొన్ని ఎర్రటి బొగ్గులమీదుగా రావాలి. అక్కడ మరికొంత కార్బన్ దానికి తోడవుతుంది. అప్పుడు కార్బన్ మోనాక్సైడ్ అనే వేరొక వాయువు తయారవుతుంది. కుంపటిమీద అప్పుడప్పుడు పలచని నీలిమంటలు ఆడుతూ ఉంటాయి, చూశారా? అవి ఈ వాయువు మండగా వచ్చిన మంటలే. మంట ఆరి, బొగ్గులు ఊరికే ఎర్రగా కనిపించేటప్పుడు ఈ వాయువు మండకుండానే బయటికి వచ్చేస్తుంది.

దానికి రంగు లేదు, వాసన లేదు, రుచి లేదు. ముక్కుకు తెలియదు, కంటికి కనిపించదు. మన నెత్తుటిలో హీమోగ్లోబిన్ అనే పదార్థం ఉన్నది. ఊపిరితిత్తులలో ప్రాణవాయువును ఎత్తుకుని ఒళ్ళంతా పంచిపెట్టటం దాని పని. కార్బన్ మోనాక్సైడ్ ఈ హీమోగ్లోబిన్‌ను ప్రాణవాయువుకన్న 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. బండి ఉన్నది, ఎద్దులు ఉన్నాయి, కాని బండి నిండా ఇంకొకడెవడో ఎక్కి కూచున్నాడు. ఇక గింజల బస్తా ఎక్కడ వెయ్యటం? అలాగే, గాలిలో ప్రాణవాయువు ఉండి కూడా అది మెదడుకూ, గుండెకూ చేరదు. మొదట తలనొప్పి, తరవాత కళ్ళు తిరగటం, వాంతి, ఆ పైన నిద్రలాంటి మత్తు. మత్తులో ఉన్నవాడికి లేచి తలుపు తియ్యాలన్న ఆలోచన కూడా రాదు. చిన్న ప్రాణులు త్వరత్వరగా ఊపిరి తీస్తాయి గనక అవి ముందు పడిపోతాయి. గొర్రెపిల్ల పోయి సిన్నోడు దక్కటానికి కారణం ఇదే.

ఇందులో ఇంకొక సంగతి కూడా ఉన్నది. పొడిగా ఉన్నప్పుడు గోనెపట్ట జల్లెడలాంటిది. దాని సందుల్లోనుంచి గాలి వస్తూ పోతూ ఉంటుంది. వానలో తడిసినప్పుడు పోగులు ఉబ్బి, సందుల్లో నీరు నిలిచి, అవి మూసుకుపోతాయి. నిన్న రాత్రి ఏ హానీ చెయ్యని గుడారమే ఇవాళ వానలో మూత వేసిన కుండ అవుతుంది. నిప్పు లోపలికి కావాలని అనిపించేది కూడా సరిగ్గా అలాంటి రాత్రే!

ఇది చదువులేనివాళ్ళకు మాత్రమే వచ్చే ఆపద అనుకోకండి. అమెరికా దేశపు నావికాదళంలో గొప్ప అధికారి, విమానంలో ధ్రువప్రాంతాలమీద తిరిగిన రిచర్డ్ బర్డ్ 1934లో అంటార్కిటికాలో ఒక చిన్న గదిలో నెలల తరబడి ఒంటరిగా ఉన్నాడు. వాతావరణాన్ని గమనించి రాసుకోవటం ఆయన పని. ఆ గది మంచులో పూడ్చి ఉన్నది. పొయ్యికి పొగగొట్టం ఉన్నది గాని, దాని అతుకులు సరిగా లేవు. పైన గాలి పోయే దోవల్లో మంచు పేరుకునేది. ఈ కార్బన్ మోనాక్సైడే పట్టి ఆయన చావుకు దగ్గరగా వెళ్ళాడు. పొయ్యి ఆర్పితే చలికి చస్తాడు, వెలిగిస్తే విషవాయువుకు చస్తాడు! తన అవస్థ తెలిస్తే అనుచరులు చలికాలపు చీకట్లో బయలుదేరి ప్రమాదంలో పడతారని ఆయన దాన్ని దాచిపెట్టాడు. కాని ఆయన పంపే తంతివార్తలు తప్పులతడకగా వస్తూ ఉండటం చూసి, దూరాన ఉన్న వాళ్ళు ఏదో జరిగిందని పసిగట్టారు. ఆగస్టు నెలలో ముగ్గురు మనుషులు ట్రాక్టరుమీద వచ్చి ఆయనను చేరుకున్నారు. మందతాతకు అరుపు ఆగటం ఎలాంటిదో, వాళ్ళకు ఆ తప్పులు అలాంటివి.

అయితే గొట్టం ఉన్న పొయ్యి గుడారంలో ఎలా పని చేస్తుంది? గాలి వేడెక్కితే వ్యాకోచించి తేలిక అవుతుంది. 300 డిగ్రీల వేడి గాలి, 30 డిగ్రీల గాలికన్న సుమారు సగం బరువే ఉంటుంది. గొట్టం నిండా ఇలాంటి తేలిక గాలి ఉంటే, బయట ఉన్న బరువైన గాలి దాన్ని అడుగునుంచి పైకి నెట్టేస్తుంది. ఆ ఖాళీలోకి పొయ్యి నోటిగుండా కొత్త గాలి వస్తుంది. అంటే మంటే తనకు కావలసిన గాలిని తానే లాక్కుంటుంది, తన పొగను తానే బయటికి తోసుకుంటుంది. గొట్టం ఎంత పొడుగుగా, ఎంత వేడిగా ఉంటే ఈ లాగుడు అంత బలంగా ఉంటుంది. దీన్ని మీరు ఇంట్లోనే చూడవచ్చు. అటకమీద పాత లాంతరు ఉంటే, అమ్మనో నాన్ననో పక్కన కూచోబెట్టుకుని వెలిగించండి. గాజు చిమ్నీ తీసేస్తే మంట ఎర్రగా రెపరెపలాడుతూ మసి కక్కుతుంది. చిమ్నీ పెట్టగానే నిలకడగా, తెల్లగా వెలుగుతుంది. ఆ గాజుబుడ్డి గాలికి అడ్డమే కాదు, అది ఒక పొగగొట్టం కూడానూ.

అమెరికాలో మైదానాల ఆదివాసులు టీపీ అనే గుడారంలో నడిమధ్యన మంట పెట్టుకునేవాళ్ళు. ఆ గుడారమే ఎత్తయిన గరాటులాగా ఉండి, కొసన పొగ పోయే సందు ఉంటుంది. దాన్ని చూసి హెన్రీ హాప్‌కిన్స్ సిబ్లీ అనే సైనికాధికారి ఒక గుడారం తయారుచేసి 1856లో దానిమీద హక్కు పుచ్చుకున్నాడు. దానిలోకి ఆయన పేరుతోనే ఒక పొయ్యి వచ్చింది. అడుగు లేని ఇనపరేకు గరాటు, దానిమీద పొగగొట్టం, అంతే! దాన్ని మట్టినేలమీద బోర్లించి మంట పెట్టటమే. ఆ దేశపు సైనికులు ఇంచుమించు రెండవ ప్రపంచయుద్ధం దాకా దానితో చలి కాచుకున్నారు.

మన దగ్గర ఈ ఆలోచన గుడారంకోసం కాదు, వంటింటికోసం వచ్చింది. హైదరాబాదు ఇంజనీరింగు పరిశోధనశాలలో పని చేసిన ఎస్. పి. రాజుగారు మట్టితోనే కట్టుకోదగిన పొగలేని పొయ్యిని రూపొందించారు. ఒకే మంటమీద ఒకటికి మించి గిన్నెలు కాగుతాయి, పొగ గొట్టంగుండా ఇంటి కప్పు దాటిపోతుంది. 1953లో ఆయన దీన్ని గురించి ఇంగ్లీషులో ఒక చిన్న పుస్తకం అచ్చు వేయించారు. లక్షల వంటిళ్ళలో తల్లులు పొగ మింగుతూ ఉంటే చూడలేక ఆయన ఆ పని చేశారు. పెద్ద యంత్రాలు తెలిసిన ఇంజనీరు మట్టిపొయ్యి దగ్గర కూచోవటం చిన్నతనం అనుకోలేదు.

కట్టెలు పొదుపు చెయ్యటంలోనూ పొయ్యి వాటం చాలా ముఖ్యం. ఒక చిన్న లెక్క చూడండి. ఒక లీటరు నీళ్ళు మరిగించటానికి కావలసిన వేడి సుమారు 20 గ్రాముల ఎండుపుల్లల్లో ఉన్నది. అంటే గుప్పెడు పుల్లలు కూడా అక్కర్లేదు. కాని మూడు రాళ్ళ పొయ్యిమీద అందుకు అయిదు నుంచి పది రెట్లు కట్టె ఖర్చవుతుంది. మిగతా వేడి అంతా గాలికి పోతుంది. ఎండుకట్టెలో నాలుగింట మూడు వంతులు వేడికి వాయువులుగా మారి, ఆ తరవాత మండుతాయి. అవి మండే లోపల చల్లబడితే పొగ అయిపోతాయి. పెట్టెలో మూసి, సరైన చోట గాలి తగిలేటట్టు చేస్తే ఆ పొగే మంట అవుతుంది. పెట్టె పొయ్యికి ఇంకొక సుగుణం కూడా ఉన్నది. నిప్పురవ్వలు చెదరవు. వేసవిలో నల్లమలలో ఎండుటాకులు నేలంతా పరిచి ఉంటాయి. ఒక్క రవ్వ చాలు కార్చిచ్చు లేవటానికి. అందుకే అడవిలో, అటవీశాఖవాళ్ళు ఒప్పుకోని చోట, ఏ పొయ్యీ వెలిగించగూడదు.

ఇక ఇప్పటి పొయ్యి అంత తేలికగా ఎందుకు ఉంటుంది? అది టైటానియం లోహం మహిమ. ఒక ఘన సెంటీమీటరు ఇనుము సుమారు 7.9 గ్రాములు తూగితే టైటానియం 4.5 గ్రాములే తూగుతుంది. పైగా తుప్పు పట్టదు, ఎర్రగా కాలినా కరగదు. మిల్లీమీటరులో పదోవంతు మందం ఉన్న రేకుతో, 7 సెంటీమీటర్ల వ్యాసంతో, రెండు మీటర్ల గొట్టం చుడితే దాని బరువు 200 గ్రాములు. అదే ఇనుముతో చేస్తే 350 గ్రాములు అవుతుంది. వీపున మోసేవాడికి ఈ తేడా తెలుస్తుంది! ఈ లోహం మనకు పరాయిది కాదు. భీమునిపట్నం వంటి చోట్ల మన సముద్రతీరపు నల్ల ఇసుకలో టైటానియం ఖనిజం ఉన్నది. హైదరాబాదులో 1973లో స్థాపించిన మిశ్ర ధాతు నిగమ్‌లో టైటానియం మిశ్రలోహాలు తయారుచేస్తారు. రాకెట్లకూ, విమానాలకూ పనికివచ్చే లోహం చివరికి పొయ్యి కూడా అయింది.

కాని తేలికదనంలో ఒక లోపం ఉన్నది. అంత చిన్న పెట్టెలో పట్టే పుల్లలు కొద్దిసేపే మండుతాయి. మాటిమాటికీ వేస్తూ ఉండాలి. పలచటి రేకు గనక మంట ఆరగానే చల్లబడుతుంది. కాబట్టి రాత్రంతా వెచ్చగా పడుకోవచ్చునని ఎవరైనా అనుకుంటే అది భ్రమ. అసలు ప్రమాదం కూడా మంట తగ్గేటప్పుడే ఉన్నది. గొట్టం చల్లబడితే లాగుడు తగ్గుతుంది. లోపల బొగ్గులు మాత్రం ఎర్రగా ఉండి విషవాయువును కక్కుతూనే ఉంటాయి. గొట్టం పైకి లాగనిది గుడారంలోకి వస్తుంది. ఆ సమయానికి మనం నిద్రలో ఉంటాం.

మన పిల్లలకు ఈ మాట ఎందుకు చెప్పాలంటే, ఇప్పుడు మనవాళ్ళూ గుడారాలలో పడుకుంటున్నారు. 2014 మే 25న ఎవరెస్టు ఎక్కిన మలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్‌కుమార్ తెలుగు పిల్లలే. పూర్ణకు అప్పటికి పద్నాలుగేళ్ళు కూడా నిండలేదు. అంత ఎత్తున కట్టెలు దొరకవు, అక్కడ గ్యాసు పొయ్యిలు వాడతారు. అయితే మూసిన గుడారంలో గ్యాసు పొయ్యి అయినా, కిరసనాయిలు పొయ్యి అయినా, బొగ్గుల కుంపటి అయినా ఒక్కటే. గుడారాలదాకా పోనక్కర్లేదు. ప్రతి చలికాలంలోనూ ఉత్తర దేశంలో తలుపులు మూసిన గదిలో కుంపటి పెట్టుకుని పడుకుని, తెల్లవారి లేవని కుటుంబాల వార్తలు పత్రికల్లో వస్తూనే ఉన్నాయి.

కనక ఈ నాలుగు మాటలూ గుర్తుంచుకోండి. గొట్టం లేని నిప్పును గుడారంలోకిగాని, మూసిన గదిలోకిగాని తీసుకుపోగూడదు. గొట్టం ఉన్నా, కిందా పైనా గాలి వచ్చిపోయే సందులు తెరిచి ఉంచాలి. పడుకోబోయే ముందు మంటా, బొగ్గులూ పూర్తిగా ఆర్పాలి. గుడారంలో ఇద్దరికి ఒకేసారి తలనొప్పి వస్తే, ఎందుకు వచ్చిందా అని ఆలోచిస్తూ కూచోకుండా ముందు బయటికి వచ్చెయ్యాలి. ఇప్పుడు ఈ వాయువును పసిగట్టి కూత పెట్టే యంత్రాలు అరచేతిలో ఇమిడేవి దొరుకుతున్నాయి. పొయ్యి కొనేవాళ్ళు దాన్ని కూడా కొనాలి.

మందతాత ఏ యంత్రమూ ఎరగడు. కాని ఆ ముసురులో మిగిలిన రెండు రాత్రులూ ఆయన ఏం చేశాడో విన్నారా? కొట్టం చూరు కింద మంట వేసి, అందులో నాలుగు నల్లరాళ్ళు కాల్చాడు. కాలవలోనుంచి తెచ్చిన తడి రాళ్ళు వద్దన్నాడు. లోపలి నీరు ఆవిరై అవి టపీమని పగులుతాయట. కాలిన రాళ్ళను కాసేపు బయట ఉంచి, ఎర్రమట్టిలో దొర్లించి, మందపాటి గోనెలో చుట్టి గొర్రెపిల్ల పక్కన పెట్టాడు.

"సూడు నాయనా, నిప్పు బయట ఉండాల, యేడి లోపల ఉండాల. సలికి ఎట్నో ఒకట్ల తట్టుకుంటాం. మూసిన గూట్లో నిప్పుకు మాత్రం తట్టుకోలేం," అన్నాడు నాతో.

ఇవాళ కొండలెక్కేవాళ్ళు చేసేదీ ఇదే. రాయి బదులు నీళ్ళు వాడతారు. అదే బరువు రాతికన్న నీరు అయిదు రెట్లు వేడిని దాచుకుంటుంది. బయట పొయ్యిమీద నీళ్ళు కాచి, గట్టి సీసాలో పోసి బిగించి, మేజోడులో దూర్చి, కాళ్ళ దగ్గర పెట్టుకుని పడుకుంటారు.

ఇప్పుడు నందికొట్కూరు వైపు మందలు తోలేవాళ్ళ దగ్గర గోనెపట్టలు లేవు. నీలం రంగు ప్లాస్టిక్ పట్టలు ఉన్నాయి. అవి పొడిగా ఉన్నప్పుడు కూడా గాలి చొరనివ్వవు. పోయిన చలికాలం మా చేలో ఒక మంద దిగితే చూడటానికి వెళ్ళాను. పొయ్యి పట్టకు పది అడుగుల దూరంలో, గాలివాలుకు ఎదురుగా కాకుండా పక్కగా ఉన్నది. గొర్రెపిల్లలున్న గూడు తలుపు కింద జానెడు సందు వదిలి, దానికి అడ్డంగా ముళ్ళకంప పెట్టారు. నక్క దూరదు, గాలి దూరుతుంది. ఆ సందు ఎందుకని కాపరి కుర్రవాణ్ణి అడిగాను.

"మా పెద్దోళ్ళు మూయద్దన్యారు సార్, మేము మూయం," అన్నాడు వాడు. లోపల గొర్రెపిల్లలు ఎడతెగకుండా అరుస్తున్నాయి.